గుంత కనపడిన ఇన్‌స్పెక్టరు

రోడ్ల శాఖ ఇన్‌స్పెక్టర్లందరూ ఇకమీదట ఆఫీసు వేళల్లో విధిగా వీడియో గేములు ఆడాలని, వాటిలో పరీక్ష కూడా పాసవ్వాలని మంత్రిగారు ప్రకటించారు. ఆడేవాళ్ల చూపు చురుగ్గా ఉంటుందట, కంటికొసలో కదిలేది కూడా వాళ్లను తప్పించుకోలేదట.

"మా శాఖకు గుంతలు కనపడవని ప్రతిపక్షం అంటోంది. ఇక చూసుకోండి!" అన్నారు మంత్రిగారు.

సీనియర్ ఇన్‌స్పెక్టరు గుండెల్లో రాయి పడింది. సర్వీసంతా ఒక్క గుంత కూడా చూడకుండా, మచ్చ లేకుండా నెట్టుకొచ్చిన మనిషి ఆయన. ఇప్పుడు గేముల పరీక్ష తప్పితే ఉద్యోగం ఊడుతుంది.

ఇంట్లో గేములు వచ్చింది అత్తగారికి ఒక్కరికే. ఆవిడే గురువైంది.

"ఎదురుగా ఉన్న భూతాన్నే చూస్తూ కూర్చుంటే ఎలా అల్లుడుగారూ? పక్కనుంచి వచ్చేవాటిని కూడా ఓ కంట కనిపెట్టాలి!"

"ఉన్నవి రెండే కళ్లు కదా అత్తయ్యా!"

"నాకూ రెండే. అందులో ఒకదానికి ఆపరేషనైంది. కాల్చండి!"

పట్టుదలతో కాల్చాడు. శాఖలో ఫస్టొచ్చాడు. మంత్రిగారు స్వయంగా మెడలో పతకం వేశారు.

మర్నాడు ఆఫీసుకు వెళ్తుంటే రోడ్డు మీద గుంత కనపడింది. బెంబేలెత్తి కళ్లు నులుముకున్నాడు. పక్కన ఇంకోటి! పరుగున వెళ్లి చెబితే చీఫ్ ఇంజనీరు జాలిపడి, "మొదట్లో అలాగే ఉంటుంది. కాస్త రెస్టు తీసుకోండి" అన్నాడు.

ఆ వారమే కొత్త వంతెన ప్రారంభోత్సవం. కట్టింది మంత్రిగారి బావమరిది. ఆదర్శ ఇన్‌స్పెక్టరు కాబట్టి మనవాడిని ముందు వరసలో నిలబెట్టారు. మంత్రిగారు కత్తెర అందుకున్నారో లేదో, రిబ్బనుకు అవతల, రోడ్డుకు అడ్డంగా, అరచెయ్యి పట్టేంత పగులు మనవాడి కంటికొసకు తగిలింది. నోరు నొక్కుకుందామనుకునేలోపే కేక బయటికొచ్చేసింది.

"సార్! పగులు!"

బ్యాండు ఆగింది. కెమెరాలు ఇటు తిరిగాయి.

"ఎక్కడయ్యా?"

"మీ ముందే సార్."

మంత్రిగారు తల తిప్పి ఇంజనీర్లను అడిగారు. "మీకెవరికైనా కనపడుతోందా?"

"లేదు సార్!" ఒక్క గొంతుతో అన్నారు.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "చూశారా, ఈ గేములు ఒక నిజాయితీపరుడి చూపును ఎలా పాడుచేశాయో! ఈ క్షణం నుంచీ శాఖలో గేములు నిషేధం. ఈయన వైద్యం బాధ్యత ప్రభుత్వానిది!"

చప్పట్లు మోగిపోయాయి. ఇన్‌స్పెక్టరుకు తన కళ్ల మీద తనకే అనుమానం పుట్టింది. పాపం, నిజంగానే పాడయ్యాయేమో!

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. ఒక చేత్తో కెమెరాలకు అభివాదం చేస్తూ, రెండో చేత్తో ప్యాంటు కాస్త పైకి లాక్కుని, కిందికి చూడకుండానే ఒక్క అంగలో పగులు దాటి ముందుకు నడిచారు. వెనకే ఇంజనీర్లు ఒక్కొక్కరే వచ్చి, సరిగ్గా అక్కడే, తలా ఒక పెద్ద అంగ వేశారు.