శామ్యూల్ రాజ్ గారి మడత సంచి

శుక్రవారం ఉదయం శామ్యూల్ రాజ్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఏడింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి. నూకరాజు ఆటోలో అవనిగడ్డ, అక్కణ్ణుంచి బస్సులో గుడివాడ. గుడివాడలో పదకొండింటికి ఏడుకొండలు మాట్లాడి పెట్టిన వ్యాను ఎక్కితే, ఆదివారం తెల్లారేసరికి పాడేరు దగ్గర వంజంగి కొండ మీద, కాళ్ళ కింద మేఘాలతో నిలబడవచ్చు. సోమవారం ఏమీ ఎరగనట్టు ఆఫీసుకు వచ్చి కూర్చోవచ్చు.

ఇంత చిన్న పథకానికి రెండు అబద్ధాలు కావలసి వచ్చాయి. శామ్యూల్ రాజ్ తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆయనది తుపాన్ల సీటు. బంగాళాఖాతంలో ఏ మూల అల్పపీడనం పుట్టినా ఆ కాగితం ముందు ఆయన బల్ల మీదికే వస్తుంది. కాబట్టి నవంబరు నెలలో ఆయనకు సెలవు దొరకడమన్నది ఇరవై ఆరేళ్ళుగా జరగలేదు. అందుకని ఆఫీసులో, గుడివాడలో మా అత్తగారి జ్ఞాపకార్థ కూడిక ఉందని రాసిచ్చాడు. ఇంట్లో, బందరులో మూడు రోజుల ట్రైనింగు అన్నాడు.

భార్యకు అబద్ధం చెప్పడానికి కారణం మోకాళ్ళు. "ఎక్కాలనుకున్నవేమైనా ఉంటే ఈ ఏడే ఎక్కెయ్యండి, వచ్చే ఏటికి నేను హామీ ఇవ్వలేను" అని డాక్టరు అన్నప్పుడు ఆనందమ్మ పక్కనే ఉంది. అందులో ఆవిడ చెవికెక్కింది రెండో సగమే. ఆ రోజు నుంచి ఆయన్ని స్టూలు కూడా ఎక్కనివ్వలేదు. ఫ్యాను తుడిచే పని తనే చేస్తోంది.

కొండ పిచ్చి అంటించింది ఏడుకొండలు. ఆ ఆఫీసులోనే పనిచేసి రిటైరై గుడివాడలో ఉంటున్నాడు. పేరులోనే ఏడు కొండలున్నవాడు ఎనిమిదోది ఎక్కితే ఆశ్చర్యమేముంది గానీ, పోయినేడు ఎక్కి ఊరుకోకుండా ఫోటో పంపించాడు. ఏడుకొండలు పైన, మేఘాలు కింద. దివిసీమలో పుట్టినవాడికి ఎత్తంటే కరకట్టే. మేఘాన్ని పైనుంచి చూడవచ్చునన్న సంగతి యాభై ఎనిమిదో ఏట తెలిసి శామ్యూల్ రాజ్‌కి మనసు మనసులో లేకుండా పోయింది.

"బరువు మొయ్యకండి. మడిస్తే జేబులో పట్టే బ్యాగు కొనుక్కోండి. పావు కిలో మించకూడదు" అని ఏడుకొండలు ఫోనులో చెప్పాడు.

మూడు కొటేషన్లు లేకుండా గుండుసూది కూడా కొనని ఆఫీసులో పెరిగిన మనిషి శామ్యూల్ రాజ్. పైగా పుట్టు అనుమానస్థుడు. ఆన్‌లైన్లో ఒక సంచికి అయిదు చుక్కలు ఇచ్చినవాళ్ళందరూ కంపెనీవాడి బావమరుదులని, ఒక చుక్క ఇచ్చినవాళ్ళు పక్క కంపెనీవాడి బావమరుదులని తేల్చాడు. మూడు చుక్కలవాళ్ళని మాత్రమే నమ్మాడు. మొదట వచ్చిన సంచి మడిస్తే తలగడంత అయింది. రెండోది పిడికిట్లో ఇమిడింది గానీ, దాని పట్టీలు లాగితే చేతికి వచ్చాయి. మూడోది నీలం రంగుది. ఇరవై లీటర్లు పడుతుంది, కూరగాయల బాబ్జీ తక్కెడలో తూస్తే రెండు వందల ఇరవై గ్రాములు తూగింది, తన జేబులో తనే ముడుచుకుని సీతాఫలమంత అవుతుంది. తడవదని కంపెనీవాడు రాశాడు. రాసినంత మాత్రాన నమ్మేస్తామా? పాత కాగితాల కట్ట లోపల పెట్టి, జిప్పు వేసి, పెరట్లో కుళాయి కింద పావుగంట ఉంచాడు. కాగితాలు పొడిగా వచ్చాయి. ఆనందంతో వాటిని ముద్దు పెట్టుకున్నాడు.

ఆ ముద్దును పక్కింటి ప్రహరీ మీదుగా ఝాన్సీలక్ష్మి చూసింది.

చూసి ఊరుకుంటే ఆవిడ ఝాన్సీలక్ష్మి ఎందుకవుతుంది? ఆ ఊరు సముద్రానికి దగ్గర. ఉప్పెన చూసినవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, మిగతావాళ్ళు వాళ్ళ నోట వింటూ పెరిగారు. అందుకే ఏ ఇంట్లో చూసినా పొలం కాగితాలూ కార్డులూ ఉన్న మూట ఒకటి తలుపు పక్కన చేతికందేలా ఉంటుంది. అలాంటి ఊళ్ళో తుపాన్ల సీటు మనిషి వరసగా మూడు సంచులు తెప్పించాడు. కాగితాలు తడుస్తాయో లేదో నీళ్ళు పోసి చూసుకున్నాడు. అది చాలదన్నట్టు పదిహేను రోజులుగా తెల్లారగట్ల తుపాను షెల్టరు మెట్లు ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. కొండకు కాళ్ళు అలవాటు చేసుకోవడానికి ఆ ఊళ్ళో అంతకు మించి మెట్లు లేవని ఆవిడకేం తెలుసు?

"ఆఫీసువాళ్ళకి ముందే కబురొచ్చింది. మనకి చెప్పట్లేదు" అని ఆవిడ భర్త పిచ్చేశ్వరరావుతో అంది.

"ఆకాశం అద్దంలా ఉంటే తుపానేంటే?" అన్నాడాయన.

"అదేగా అనుమానం! మరీ అంత శుభ్రంగా ఎందుకుంది?"

శుక్రవారం ఏడింటికి శామ్యూల్ రాజ్ పాత రెక్సిన్ బ్యాగుతో గుమ్మం దిగాడు. పైన ఆనందమ్మ సర్దిన రెండు జతల బట్టలు, అడుగున తాను దాచిన కొండ సామాను. నీలం సంచి మడిచి ప్యాంటు జేబులో ఉంది. సరిగ్గా ఝాన్సీలక్ష్మి ఇంటి ముందుకు రాగానే రెక్సిన్ బ్యాగు అడుగు ఊడిపోయింది. టార్చి దొర్లుకుంటూ వెళ్ళి ఆవిడ ముగ్గు మధ్యలో ఆగింది. దాని వెనకే విజిల్, నైలాను తాడు, రెయిన్ కోటు, మందుల పొట్లం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అటుకులు, ప్లాస్టిక్ కవరులో ఆధార్ నకలు వరసగా వెళ్ళి పడ్డాయి.

శామ్యూల్ రాజ్ అటూ ఇటూ చూసి, జేబులోంచి సీతాఫలమంత ఉండ తీసి ఒక్క విదిలింపు విదిలించాడు. అది సంచి అయింది. అన్నీ గబగబా అందులో కుక్కి వీపుకు తగిలించుకున్నాడు. ఝాన్సీలక్ష్మి ముగ్గుగిన్నె చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

"అన్నయ్యగారూ, ఎప్పుడండీ?"

"ఏది ఎప్పుడమ్మా?"

"అదేనండీ... వచ్చేది."

కొండ నుంచి తిరిగి ఎప్పుడు వస్తావని అడుగుతోందనుకున్నాడాయన. గుట్టు ఎలా తెలిసిందోనని తన ఇంటి గుమ్మం వైపు చూశాడు. "ఆదివారం సాయంత్రం" అన్నాడు గొంతు తగ్గించి. "దయచేసి ఎవరితో అనకండమ్మా. ముఖ్యంగా మా ఆనందమ్మతో."

ఆ మాటతో ఝాన్సీలక్ష్మికి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. సొంత భార్యకు కూడా చెప్పకుండా పారిపోతున్నాడంటే వచ్చేది మామూలు తుపాను కాదు. ఎవరితోనూ అనవద్దన్నాడు కాబట్టి ముందు ఆనందమ్మతో అంది. తర్వాత వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఎవరో దాన్ని పక్క ఊరి గ్రూపులోకి తోశారు.

ఆటో అవనిగడ్డ పొలిమేర చేరేసరికి నూకరాజు ఫోను మోగింది. విన్నాడు. అద్దంలోంచి వెనక సీటులోని సంచిని చూశాడు.

"సార్, గుడివాడ ఎత్తు మీద ఉంటదాండీ?"

"మనకంటే కాస్త ఎత్తేనోయ్. ఎందుకు?"

నూకరాజు ఆటోని వెనక్కి తిప్పాడు.

"ఏవయ్యా, బస్సు తప్పిపోద్ది! ఎక్కడికి?"

"ఇంటికండీ. మీరంటే ఆఫీసులో పెద్దోళ్ళు, ముందే తెలుస్తది. నాకు ఇద్దరు ఆడపిల్లలున్నారండీ."

"నీ పిల్లలకేమయింది?"

"ఆదివారందాకా ఏమీ కాదంట కదండీ" అన్నాడు నూకరాజు, ఆటో వేగం పెంచుతూ.

ఆటో వీధిలోకి వచ్చేసరికి శామ్యూల్ రాజ్‌కి తన కళ్ళ మీద తనకే అనుమానం కలిగింది. అరవై ఇళ్ళ జనం మూటలతో షెల్టరు ముందున్నారు. ముసలివాళ్ళని ముందే పైకి ఎక్కించారు. గొడ్ల పలుపులు విప్పేశారు. పిచ్చేశ్వరరావు చేలో నీళ్ళ మోటారు ఊడబీకి ట్రాక్టరు మీద తెచ్చేశాడు. మొదటి మెట్టు మీద ఆనందమ్మ ఒళ్ళో బైబిలు, పక్కన పొలం కాగితాల మూట పెట్టుకుని కూర్చుంది. భర్తను చూసిన ఆవిడ చూపు ముందు ఏ తుపానూ పనికిరాదు.

"నన్నొదిలేసి పోదామనుకున్నారా?"

"తుపాను లేదు, ఏమీ లేదు!" అని ఆయన అందరికీ వినబడేలా అరిచాడు.

"విన్నారా? లేదంటున్నారు" అన్నాడు పిచ్చేశ్వరరావు జనం వైపు తిరిగి. "ఏమీ లేకపోతే లేదని అంత గట్టిగా చెప్పాల్సిన పనేముందండీ?"

జనానికి ఆ మాట చాలా సబబుగా తోచింది.

"సంచి విప్పండి అన్నయ్యగారూ" అంటూ ఝాన్సీలక్ష్మి పోయిన నెల ఇంటింటికీ పంచిన కరపత్రం బయటికి తీసింది. 'తుపాను సమయంలో ప్రతి కుటుంబం సిద్ధంగా ఉంచుకోవలసిన వస్తువులు' అని దాని పేరు. ఆవిడ చదివింది. నూకరాజు సంచిలోంచి ఒక్కొక్కటే పైకెత్తి చూపించాడు. టార్చి, ఉంది. విజిల్, ఉంది. తాడు, ఉంది. రెయిన్ కోటు, మందులు, ఓఆర్ఎస్, అటుకులు, ప్లాస్టిక్ కవరులో గుర్తింపు కార్డు, అన్నీ ఉన్నాయి. రెండు జతల బట్టలు తప్పిస్తే ఒక్క వస్తువు ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. కొండ ఎక్కేవాడికి కావలసినవీ ఉప్పెన నుంచి పారిపోయేవాడికి కావలసినవీ ఒకటేనని ఆ కరపత్రం రాసిన మనిషికి అంతవరకూ తట్టలేదు. ఆ కరపత్రం రాసిన మనిషి శామ్యూల్ రాజే. అడుగున సంతకం కూడా ఉంది.

అప్పుడే తహసీల్దారు హేమ జీపు దిగింది. చిన్న వయసు, కోపం పెద్దది. ఉదయం నుంచి నాలుగు ఊళ్ళవాళ్ళు ఫోను చేసి ఏం దాస్తున్నారని ఆవిణ్ణి నిలదీశారు. ఆవిడ బందరు కలెక్టరాఫీసుకి ఫోను చేసి అడిగింది. వాళ్ళు కబురేమీ లేదన్నారు గానీ, మీ దగ్గరేమైనా ఉంటే దాచకుండా చెప్పమన్నారట.

"శామ్యూల్ గారూ, మీరు గుడివాడలో మీ అత్తగారి కూడికలో ఉండాలి కదా?"

"మా అమ్మ కూడిక ఆగస్టులోనే అయిపోయింది కదండీ. ఈయన బందరు ట్రైనింగుకని బయల్దేరారు" అంది ఆనందమ్మ.

"ట్రైనింగా? ఏ ట్రైనింగు?"

రెండు అబద్ధాలు వీధి మధ్యలో ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. శామ్యూల్ రాజ్‌కి ఇక నిజం తప్ప వేరే దారి మిగలలేదు. తల వంచుకున్నాడు.

"కొండ ఎక్కడానికి వెళ్తున్నాను మేడమ్. మేఘాలు కిందికి కనబడతాయంట. మోకాళ్ళు ఈ ఏడుదాకానే పనికొస్తాయన్నారు."

ఆ ఉదయం ఆయన చెప్పినవాటన్నిటిలోకీ జనానికి బొత్తిగా నమ్మబుద్ధి కానిది ఇదే.

"ఇంకా నయం, చంద్రమండలానికి అనలేదు" అంది ఝాన్సీలక్ష్మి.

ఆనందమ్మ ఒక్కతే ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడటం ఆవిడకు తెలుసు. ట్రైనింగన్న రోజు ఎర్రబడితే చలికనుకుంది. ఇప్పుడు ఎర్రబడలేదు.

"కొండెక్కుతానని నాతో చెప్తే వద్దంటానా?" అంది మెల్లగా. కాసేపు ఆలోచించి, "అంటాననుకోండి. అయినా చెప్పాలిగా" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి ఆయనకు సిగ్గేసింది. మేఘాల సంగతి ఆవిడకెప్పుడూ చెప్పనందుకు నిజంగానే బాధ కలిగింది.

హేమ మాత్రం వాళ్ళిద్దరినీ చూడటంలేదు. షెల్టరుని చూస్తోంది. గ్రూపులో మొదటి మెసేజి ఎప్పుడు వచ్చిందని అడిగింది. జనమంతా షెల్టరు చేరింది ఎప్పటికని కూడా అడిగి లెక్క వేసుకుంది. నలభై నిమిషాలు. పోయిన నెల ఇదే ఊళ్ళో మైకు పెట్టి, టిఫిను పెట్టి జరిపిన మాక్ డ్రిల్లుకి పూటంతా కలిపి పదకొండు మంది వచ్చారు. వాళ్ళూ టిఫిను కోసం వచ్చినవాళ్ళే.

"ముందస్తు సమాచారం లేకుండా జరిపిన మాక్ డ్రిల్లు అని రాస్తున్నాను. మీరే సెలవు రద్దు చేసుకుని వచ్చి నిర్వహించారు. అర్థమయిందా?" అంది ఫోటోలు తీసుకుంటూ.

శామ్యూల్ రాజ్ గడియారం చూసుకున్నాడు. పదవుతోంది. ఏడుకొండలు ఫోను మూడోసారి మోగి ఆగిపోయింది.

వారం తిరక్కుండా బందరు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఇటువంటి సమర్థుడైన ఉద్యోగిని తుపాన్ల కాలంలో ఏ కారణం చేతా హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్ళనివ్వరాదని చివర ఒక వాక్యం ఉంది. దాని వెనకే ఏడుకొండలు ఫోటో కూడా వచ్చింది. ఈసారి మేఘాలు మరీ బాగున్నాయి.

నీలం సంచిని మడిచి వసారాలో మేకుకు తగిలించాడు. పది రోజుల తర్వాత నిజంగానే వాయుగుండం పుట్టింది. శామ్యూల్ రాజ్ ఆఫీసు ఫోను నుంచి గ్రూపులో హెచ్చరిక పెట్టాడు. మైకులో చెప్పించాడు. ఒక్కరు కదల్లేదు. ఆకాశం నల్లబడుతుంటే పిచ్చేశ్వరరావు తీరిగ్గా నడిచి వచ్చి వసారాలోకి తొంగి చూశాడు. వెనక్కి తిరిగి కేక పెట్టాడు.

"ఏం లేదొసేయ్, సంచి ఇంకా మేక్కే ఉంది! ఇదంతా ఆ డ్రిల్లు గోలే!"

శామ్యూల్ రాజ్ నిట్టూర్చి సంచి తీసుకున్నాడు. ఒక్క విదిలింపు విదిలించి, వీపుకు తగిలించుకుని, చినుకుల్లో వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క మాట మాట్లాడకుండా నడిచాడు. పావుగంటలో వీధి ఖాళీ అయింది.

అందరూ ఎక్కాక ఆఖరున ఆయన ఎక్కాడు. షెల్టరుకు నలభై రెండు మెట్లు. పైమెట్టు మీద ఆనందమ్మ ఫ్లాస్కులో టీ పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్ళు పట్టుకుని రొప్పుతున్న మనిషి చెయ్యి అందుకుని పైకి లాగింది.

"ఎక్కారుగా, ఇక చాలు" అంది.

శామ్యూల్ రాజ్ టీ తాగుతూ చుట్టూ చూశాడు. దివిసీమలో ఆయనకు తెలిసి అంతకంటే ఎత్తైన చోటు లేదు. మేఘాలు మాత్రం ఇంకా పైనే ఉన్నాయి.