ఒడ్డున రెండు జతల చెప్పులు

ఆ ఆదివారం పొద్దున మరికీటా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎర్రన్నానికి రంగు గింజలు నానబెట్టాలి, అవి నానేలోగా మొగుడితో కలిసి సముద్రంలో ఒక మునక వేసి రావాలి, మధ్యాహ్నం అన్నం వండాలి. సాయంత్రం ఇంట్లో పునీతుడి పండుగ. పెద్దకోడలికి ఏనాడూ అందని పండుగ అన్నం గుండిగను అత్తగారు తాన్ లోలీ, పెళ్లయిన నెలకే ఈమె చేతిలో పెట్టింది.

"అన్నం తేడా వచ్చిందో, మా అమ్మ నన్ను కూడా గడప తొక్కనివ్వదు," అన్నాడు వాకీన్, వీపుకు గాలి సిలిండర్ బిగించుకుంటూ.

"గంటలో వచ్చేస్తాంగా! ఇటు చూడు, ఎంత ముద్దుగా ఉన్నాయో!" ఆమె ఇద్దరి చెప్పులూ నీటి అంచున పక్కపక్కనే పెట్టి, వాటి మీద దేవగన్నేరు పూలు ఉంచింది.

పగడాల గట్టు దాటగానే తాబేలు కనిపించింది. అది తమకోసమే వెనక్కి తిరిగి చూసిందని మరికీటా నమ్మకం. చేతులు పట్టుకుని దాని వెంటపడ్డారు. గాలి తగ్గి పైకి తేలేసరికి కొండకొమ్ముకు అవతల ఉన్నారు. ప్రవాహానికి ఎదురీదలేక, సిలిండర్లు మోసుకుంటూ తారురోడ్డు పట్టారు.

పొద్దున సిలిండర్లతో వెళ్తున్న ఆ జంటను దారిలో చూసిన బెన్ బాబాయి, ఈలోగా వల విసరడానికి వచ్చి ఆ చెప్పులు గుర్తుపట్టాడు. ఎండ నడినెత్తికి వచ్చినా మనుషులు పైకి రాలేదు. సిలిండర్లలో గాలి అంతసేపు ఉండదు. పైగా చెప్పుల మీద పూలు, చివరి వీడ్కోలు చెప్పినట్టు! గస్తీ పడవకు ఫోన్ చేశాడు, తాన్ లోలీకీ చేశాడు. ఆమె జపమాలతో వచ్చింది. వెనకే చుట్టాలు వచ్చారు. గువామ్‌లో ఏడవడానికైనా ఎవరూ ఖాళీ చేతులతో రారు కనుక కోళ్లు, బొగ్గుల పొయ్యి, బల్లలు, డేరా, చివరికి మైకు కూడా దిగాయి.

"నా చిన్నకోడలి ఎర్రన్నం లాంటిది ఈ దీవిలోనే లేదు!" అని తాన్ లోలీ మైకులో ఏడ్చింది. ఆ అన్నం ఆమె ఇంకా రుచి చూడలేదు. పెద్దకోడలు కళ్లు తుడుచుకోవడం ఆపి ఆమెవైపు చూసింది.

సరిగ్గా అప్పుడే కాలుతున్న కోడి వాసన రోడ్డెక్కింది.

"ఎవరిదో విందు!" అన్నాడు వాకీన్. ఎవరిదని ఆరా తీయకుండా వరసలో నిలబడటం అక్కడి మర్యాద. సిలిండర్లు దించి, పళ్లేలు పట్టుకుని చివర నిలబడ్డారు. అందరూ తలలు వంచి జపంలో ఉన్నారు.

బెన్ బాబాయి తలెత్తకుండానే వడ్డించాడు. "తిను తల్లీ. పాపం, కొత్త జంట."

"అయ్యయ్యో! ఎవరు బాబాయ్?"

"మన వాకీనూ, వాడి పెళ్లామూ..."

తలెత్తాడు. చేతిలోని కోడికాలు ఇసుకలో పడింది.

తాన్ లోలీ పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ ముద్దు పెట్టుకుంది, ఇద్దరినీ కొట్టింది, మళ్లీ ముద్దు పెట్టుకుంది. తర్వాత కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని గొంతు తగ్గించింది.

"నీ అన్నం గురించి మైకులో చెప్పేశానే. ఊరంతా ఇక్కడే ఉంది. పెద్దది నన్నే చూస్తోంది. నా పరువు నీ చేతిలో ఉంది, నడు!"

గింజలు మాత్రం బాగా నానాయి.