వైబీ గారి పింగాణీ రహస్యం

మలేషియాలోని ఇపో పట్టణ శివార్లలో యూరప్ ప్రారంభమైనట్టు శాసనసభ్యులు, అంటే అక్కడి మాటలో ‘వైబీ’, వసంతన్ గారు ప్రకటించారు. ఆ శుభకార్యానికి గుణవతి కుమ్మరి షెడ్డును ఎంచుకున్నారు. దాని వెనక తెల్లమట్టి ఉందట.

వైబీ గారు అధ్యయనం కోసం పరివారంతో జర్మనీ వెళ్ళి, అప్పుడే తిరిగొచ్చారు. నేర్చుకున్నదేదీ దాచుకోలేదు.

"ఒకప్పుడు యూరప్‌లో పింగాణీ సెయ్యడం ఎవడికీ రాదు. అంతా సైనా సరుకే. ఓ రాజుగారు ఏటి సేసినాడు? బంగారం సేస్తానన్న కుర్రోణ్ణి కోటలో పెట్టి తాళమేసినాడు. బంగారం రాలేదు, పింగాణీ వచ్చింది! ఇంతకీ అందులో కిటుకెక్కడున్నాది? నాను కనిపెట్టినాను. తాళంలో!"

సాయంత్రానికి షెడ్డుకు తాళం పడింది. లోపల దీపావళి ప్రమిదలు ఆరుతున్నాయి. వాటిని కాల్చి పండగలోపు కొట్లకు అందించకపోతే గుణవతికి ఆ ఏడాది బతుకే లేదు.

"వైబీ గారూ, నాకు పెమిదలే వచ్చు. పింగాణీ రాదు," అంది.

"రాకపోవడమే మంచిదక్కా. ఆ కుర్రోడికీ రాదు."

"అలాగైతే నన్ను లోపలుంచి తాళమెయ్యండి. నా పని నాను సేసుకుంటాను."

"అయ్యో, ఆడమనిషిని లోపలెట్టి తాళమేస్తే పేపరోళ్ళు ఊరుకుంటారా? మనది ప్రజాస్వామ్యం లా! అందుకే నిన్ను బయటుంచినాం," అన్నారు వైబీ గారు, మలేషియావాళ్ళ ఊతపదం ‘లా’ని ఒత్తి పలుకుతూ.

ఇంత దయ గల నాయకుణ్ణి గుణవతి ఎన్నడూ చూడలేదు.

రహస్య పరిరక్షణ కమిటీ ఏర్పడింది. గుమ్మం దగ్గర విమలన్ అనే గార్డు నిలబడ్డాడు. పాసు ఉన్నవాళ్ళు లోపలికెళ్ళి, ఫొటోలు దిగి వస్తున్నారు. గుణవతీ పాసు అడిగింది.

"నీకివ్వరక్కా. నీకు మట్టిపని తెలుసు గదా, రహస్యం పట్టుకుపోతావు," అన్నాడు విమలన్ నొచ్చుకుంటూ.

ఆవిష్కరణ రోజు వచ్చింది. పందిరి, బ్యాండు, బిర్యానీ, అన్నీ వేళకి వచ్చాయి. పింగాణీ ఏదని ఒక విలేఖరి అడిగాడు. వైబీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సెప్పడానికి నోరు రావడం లేదు. రహస్యాన్ని దొంగలెత్తుకుపోయినారు!"

వైబీ గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"యూరప్‌లోనూ అచ్చం ఇలాగే జరిగింది. వాళ్ళ రహస్యం వియన్నాకి పారిపోయింది. కానీ దానికి వాళ్ళకి ఏళ్ళు పట్టింది. మనం నెల తిరక్కుండా సాధించినాం!"

చప్పట్లతో పందిరి అదిరింది. గుణవతి మాత్రం విమలన్ దగ్గరికి పరుగెత్తింది.

"రహస్యం పోయింది గదా, ఇంక తాళం తియ్యి తమ్ముడూ!"

"ఇప్పుడు అస్సలు తియ్యకూడదక్కా. ఇది దొంగతనం జరిగిన సోటు."

మర్నాడు ఫోన్‌లో వార్త వచ్చింది. పింగాణీ రహస్యం తమవద్ద క్షేమంగా ఉన్నదనీ, యూరప్ ఇక క్లాంగ్ పట్టణంలోనే అనీ, అనువైన కుమ్మరి షెడ్డు కోసం స్వయంగా బయల్దేరుతున్నామనీ అక్కడి ఎదుటి పార్టీ వైబీ గారు సగర్వంగా ప్రకటిస్తున్నారు.

గుణవతి వార్త చివరిదాకా వినలేదు. క్లాంగ్‌లో ప్రమిదలు చేసే చెల్లెలికి ఫోన్ కొట్టింది.

"తంగం, ఆరినాయో లేదో సూడకు. పెమిదలన్నీ ఇంట్లోకి మోసీ. బేగి లా!"