తనిఖీ టైర్లు

మా దేశంలో విమాన ప్రయాణం అత్యంత సురక్షితమని విమాన భద్రతా మండలి మరోసారి ప్రకటించింది. ఇంతవరకూ ఏ ఆకస్మిక తనిఖీలోనూ అరిగిన టైరు ఒక్కటి కూడా దొరకలేదట. దొరకదు మరి. మండలివారు మర్యాదస్తులు. చెప్పాపెట్టకుండా ఒకరి గుమ్మం తొక్కడం సభ్యత కాదు గనుక, ఆకస్మిక తనిఖీ ఏ రోజున, ఏ విమానానికి అన్నది వారం ముందే కబురు పంపుతారు.

కబురందుకున్న విమాన సంస్థ కూడా తక్కువ తిన్నది కాదు. విమానాలు చాలానే ఉన్నా, దాని దగ్గర మంచి టైర్లు ఒక్క విమానానికి సరిపడానే ఉన్నాయి. తనిఖీ దేనికైతే దానికి వాటిని బిగిస్తారు. అధికారులు వచ్చి, టైరును ఆప్యాయంగా తట్టి, టీ తాగి, సంతకం పెట్టి వెళతారు. వాళ్ల కారు గేటు దాటకముందే టైర్లు పక్క విమానానికి బయల్దేరతాయి. పాపం, మొత్తం శాఖలో ఊపిరి సలపనంత పని ఉన్నది ఆ టైర్లకే.

ఇంత సామరస్యానికి ఒకే ఒక్క అడ్డు పైలటమ్మ. విమానం ఎక్కేముందు వంగి టైర్లు చూసే దురలవాటు ఆవిడకుంది. నున్నగా అరిగిపోయాయంటూ ఒకసారి విమానం తీయనని మొండికేసింది. మండలి చూస్తూ ఊరుకుంటుందా? వెంటనే పిలిపించింది, టైర్లను కాదు, ఆవిడను.

"చూడమ్మా," అన్నారు అధ్యక్షులవారు, "భద్రత అనేది ఒక భావన. నువ్విలా వంగి వంగి చూస్తుంటే జనంలో ఆ భావన దెబ్బతింటుంది. ఇంకోసారి మొరాయించావంటే లైసెన్సు ఉండదు."

ఆ లైసెన్సు చదువు కోసమే వాళ్ల నాన్న ఉన్న ఒక్క ఇల్లూ అమ్మేశాడు. ఆవిడ నోరు మూసుకుని వచ్చేసింది.

ఇంతలో మండలికి ఉత్తమ సేవా పురస్కారం ప్రకటించారు. అందుకోవడానికి అధ్యక్షులవారూ సభ్యులూ విమానంలో బయల్దేరి ముందు వరుసలో ఆసీనులయ్యారు. మా బావమరిది ఇంటికి వెళుతున్న నేనూ మా ఆవిడా, వాళ్ల పక్కనే నడవలో ఇరుక్కుని, సంచి పైకెక్కించడానికి తంటాలు పడుతున్నాం. సాగనంపడానికి వచ్చిన సంస్థ మేనేజరును అధ్యక్షులవారు దగ్గరకు పిలిచారు.

"ఏమయ్యా, ఆ టైర్లు దీనికే ఉన్నాయి కదూ?"

మేనేజరు చేతులు కట్టుకుని వంగాడు. "లేవండీ. ఇవాళ పక్క విమానానికి తమరి ఆకస్మిక తనిఖీ కదండీ. అక్కడున్నాయి."

"ఇవాళే పెట్టమని ఏ బుద్ధిలేనివాడు చెప్పాడయ్యా?"

"తమరేనండీ."

అధ్యక్షులవారికి ఉన్నట్టుండి కడుపులో తిప్పింది. ఒక సభ్యుడికి కళ్లు తిరిగాయి. ఇంకో సభ్యురాలికి ఇంట్లో స్టవ్ కట్టేయలేదేమోనని అనుమానమొచ్చింది. భద్రత విషయంలో వాళ్లకున్న శ్రద్ధను ఆరోజు కళ్లారా చూశాను. తేలు కుట్టిన దొంగల్లా చప్పుడు చేయకుండా ఒక్కొక్కరే లేచారు.

పైలటమ్మ ఎదురొచ్చింది. "సార్, నేనూ దిగిపోనా?"

"నువ్వెందుకమ్మా? విమానం భేషుగ్గా ఉందని మేం సంతకం పెట్టాం కదా!" అంటూ ఆయన మెట్లు దిగారు.

ఆవిడ మైకు అందుకుంది. "టైర్లు బాగా అరిగిపోయాయండీ. మనం దిగే ఊళ్లో వాన పడుతోంది. దిగాక విమానం ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. మిమ్మల్ని తీసుకెళ్లలేను, ఏమీ అనుకోకండి." మైకు పెట్టేసి, టోపీ తీసి చేతిలో పట్టుకుంది. అమ్మేసిన ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది.

మాకు ఒళ్లు మండిపోయింది. "మా పనులేం కావాలి?" అని ఒకాయన గదమాయించాడు. "గాల్లో వెళ్లేదానికి టైర్లతో పనేంటండీ?" అని మా ఆవిడ నిలదీసింది. అందరం ఫోన్లు తీసి మండలికి ఫిర్యాదు చేశాం. మండలి నిద్రపోతోందని ఆడిపోసుకునేవాళ్లు సిగ్గుపడాలి. ఫోన్లు తిరిగి జేబుల్లో పెట్టుకునేలోపే ఆవిడ లైసెన్సు రద్దయింది.

ఆవిడ దిగిపోతూ, అలవాటు చొప్పున ఒకసారి వంగి టైర్ల వంక చూసింది. తర్వాత ఇంకో పైలటు వచ్చాడు. మెడ వంచే అలవాటు లేని మనిషి. మేం చప్పట్లు కొట్టాం.

మా ఆవిడ చురుకైనది. అందరికంటే ముందు ఉరికి, అధ్యక్షులవారు ఖాళీ చేసిన సీటు నాకూ, పక్కది తనకూ సంపాదించింది. కాళ్లు చాపుకోవడానికి బోలెడంత చోటు. కిటికీలోంచి చూస్తే ఆయన కింద నిలబడి మాకు చెయ్యి ఊపుతున్నారు. కడుపులో తిప్పడం తగ్గినట్టుంది.

మేమూ ఊపాం.