బేగంపేట నుంచి పాలం: రెండు గంటలు

జూలూరుపాడు అవతలి అడవి వాగుపై వంతెన కావాలని ఢిల్లీ వెళ్లిన రైతు ప్రతినిధి బృందం దిగ్విజయంగా తిరిగి వచ్చింది. వంతెన రాలేదు. అది చిన్న విషయం. బృంద నాయకుడు బసవపున్నయ్య విమానం ఎక్కి వచ్చాడు.

బసవపున్నయ్య కోస్తా నుంచి వచ్చి మిరప తోటలు వేసి స్థిరపడ్డ ఆసామి. అంతవరకూ ఆయన ఎక్కిన ఎత్తల్లా మిరప బస్తాల లారీ. సన్మాన సభలో దండలు సర్దుకుని మైకు పుచ్చుకున్నాడు.

"బేగంపేట నుంచి పాలం గాలిలో పన్నెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఎంతసేపు పట్టిందనుకున్నారు? రెండు గంటలు. టిఫిను పెట్టారు, చెయ్యి కడుక్కునేలోపు ఢిల్లీ."

చప్పట్లు మోగాయి. వాగవతలి గూడెం పెద్ద పగిడయ్య లేచి నిలబడ్డాడు. నడుములోతు నీళ్లలో వాగు దాటి వచ్చిన మనిషి, పంచె ఇంకా ఆరలేదు.

"వంతెన ముచ్చటేమైంది దొరా? నిరుడు వానల్ల మా కోడలు జంపక్క దవాఖానకు పోలేక వాగొడ్డు మీదనే కన్నది. పిల్ల దక్కలే."

బసవపున్నయ్యకు మనసు చివుక్కుమంది. కానీ సన్మానం మధ్యలో దిగులు పడితే దండలు వేసినవాళ్లు నొచ్చుకుంటారు.

"కిటికీలోంచి వెతికాను పగిడయ్యా. అంత ఎత్తు నుంచి మన వాగు అసలు కనపడదు," అన్నాడు ఓదార్పుగా. వేదిక మీది అధికారులు ఆ సాంకేతిక సమాచారాన్ని రాసుకున్నారు.

మరుసటి ఏడు విజ్ఞప్తిని గుర్తుచేయడానికి ఒక బృందం ఎగిరింది. ఆపై ఏడు, గుర్తుంచుకున్నందుకు కృతజ్ఞతలు తెలపడానికి ఇంకొకటి. మహిళల తరఫున బసవపున్నయ్య భార్య రాఘవమ్మ వెళ్లింది. ఎరువుల కొట్టు అరుగు మీద కూడా బొంబాయి దూరమా మద్రాసు దూరమా అని వాదాలు నడిచాయి.

ఇంతలో పిడుగులాంటి వార్త. వంతెన మంజూరయ్యే సూచనలున్నాయట. బసవపున్నయ్యకు ముద్ద దిగలేదు.

"అది కట్టేస్తే ఇక ఏం అడగడానికి వెళ్తామండీ?" అంది రాఘవమ్మ.

అత్యవసర సమావేశం జరిగింది. తొందరపాటు నిర్ణయాల గురించి పైవారితో చర్చించాలని తీర్మానించారు. వాగవతలివాళ్ల పక్షాన పగిడయ్యను కూడా తీసుకెళ్లారు. వంతెన కోసమే పోతున్నామని ఆయన నమ్మాడు.

ఢిల్లీలో పెద్ద అధికారి ముందు పగిడయ్య చేతులు జోడించాడు. జంపక్క సంగతి, పిల్ల సంగతి, వాగు సంగతి అన్నీ చెప్పాడు. అధికారికి తెలుగు రాదు. బృందంలో హిందీ ముక్కలు వచ్చినవాడు బసవపున్నయ్య ఒక్కడే.

ఒక్క క్షణం ఉన్నదున్నట్టు చెప్పేద్దామనిపించింది. గొంతు దాకా వచ్చింది కూడా. అది అక్కడే ఆగిపోయింది, వేరే మాట బయటికొచ్చింది.

"రెండు గంటల్లో వచ్చామని చాలా సంతోషిస్తున్నాడు సార్."

అధికారి మురిసిపోయాడు. విమానాల్లో తిరుగుతున్నవారిది వెనుకబడిన ప్రాంతం ఎలా అవుతుందని, ఆ వంతెనను మరో జిల్లాకు మార్చాడు. పగిడయ్య భుజం తట్టాడు.

తిరుగు విమానంలో పగిడయ్య మొహం వెలిగిపోతోంది. "సారు మంచోడు దొరా. ఎన్నడు కడతరంట?"

బసవపున్నయ్య బెల్టు బిగించుకుంటూ, "చూద్దాం," అన్నాడు.

జూలూరుపాడులో ఈసారి పగిడయ్యకూ దండ వేశారు. పొద్దు వాలకముందే ఆయన దాన్ని తడవకుండా నెత్తిన పెట్టుకుని వాగులోకి దిగాడు. ఇవతలి ఒడ్డున నిలబడి మనమందరం చప్పట్లు కొట్టాం.