వెనక సీట్లో మంకీ క్యాప్

ఆ రోజు పొద్దున్న వాసవి పెట్టుకున్న పని ఒక్కటే. రుబ్బిన ఇడ్లీ పిండిని ఎండ రాగానే కారులో కూర్చోబెట్టాలి.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, జనవరి నెలలో ఢిల్లీలో ఇడ్లీ తినాలని ఆశపడేవాళ్ళకి ఇందులో విడ్డూరమేమీ కనిపించదు. గుడివాడలో రాత్రి రుబ్బి మూత పెడితే తెల్లారేసరికి గిన్నె అంచు దాటి తొంగిచూసే పిండి, ఇక్కడ ఢిల్లీ ద్వారకలో రెండు రోజులైనా గోడకి కొట్టే సున్నంలా చల్లగా పడి ఉండేది. వాసవి దాన్ని రజాయిలో చుట్టింది. గీజర్ పక్కన పెట్టింది. ఓవెన్‌లో లైటు వేసి దాచింది. ఒక రాత్రి మంచం మీద తనకీ కూతురు నేహాకీ మధ్యలో పడుకోబెట్టింది కూడా. పిల్లకి జలుబు చేసింది తప్ప పిండి పొంగలేదు.

ఒక మధ్యాహ్నం కారులో మర్చిపోయిన నీళ్ళ సీసా కోసం తలుపు తీసేసరికి వెచ్చటి గాలి మొహానికి తగిలింది. బయట స్వెట్టర్ మీద శాలువా కప్పుకున్నా వణుకు. లోపల ఏప్రిల్ నెల. అద్దాల్లోంచి లోపలికి వెళ్ళిన ఎండ బయటికి రావడం మర్చిపోయినట్టుంది. వాసవి ఆ సీట్లో కాసేపు కూర్చుని ఆలోచించింది. మర్నాడే పిండి గిన్నె కారెక్కింది. సాయంత్రానికి గుడివాడలోలాగా పొంగింది.

అంతా బాగానే ఉండేది, ఆ కారు అరవకుండా ఉంటే.

కారు కొత్తది. దొంగలొస్తే కేకలు పెట్టే ఏర్పాటు అందులోనే ఉంది. ఇప్పటికి రెండుసార్లు, పట్టపగలు, చుట్టుపక్కల ఒక్క మనిషి లేనప్పుడు అది గొంతు చించుకుంది. రెండుసార్లూ వాసవి బాల్కనీలోంచి తాళం చెవి మీద బొత్తాం నొక్కి దాని నోరు మూయించింది. కానీ అప్పటికే మొదటి అంతస్తులో కేశవరావుగారి మధ్యాహ్నం నిద్ర పాడైపోయింది. ఆయన కేంద్ర ప్రభుత్వంలో ఏదో మంత్రిత్వశాఖలో అండర్ సెక్రటరీగా రిటైరై, ఇప్పుడు ఈ సొసైటీకి సెక్రటరీగా ఉన్నారు. రెండోసారి తర్వాత ఆయన స్వయంగా మెట్లెక్కి వచ్చారు. తప్పుడు అలారం మూడుసార్లు మోగితే పార్కింగ్ స్లాట్ రద్దు చేయాలని రూలుందనీ, అది తను రాసిందేననీ, తెలుగువాళ్ళని చూసి మినహాయిస్తే మిగతావాళ్ళు ఊరుకోరనీ నెమ్మదిగా చెప్పి, ఇచ్చిన టీ తాగి వెళ్ళారు.

ఆ స్లాట్ కోసం ఎదురింటి నవదీప్ ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. అతని కారు గేటు బయట రోడ్డు మీద దుమ్ము కొట్టుకుపోతోంది. స్లాట్ పోతే వాసవి వాళ్ళ కారూ అక్కడికే. కారు ఎక్కడుంటే ఏమిటి అని మొగుడు ఉదయ్‌కిరణ్ అనగలడు, ఆయన పొద్దున్నే నోయిడా మెట్రో ఎక్కేస్తాడు కాబట్టి. నేహాని కారులో బడికి తీసుకెళ్ళేది వాసవి. అవతలి వైపు నుంచి ఈ-రిక్షాలు ఎదురొచ్చే ఆ రోడ్డు దాటి రోజూ పిల్లతో కారు దగ్గరికి వెళ్ళాలంటే ఆమెకి భయం. చెయ్యి విడిపించుకుని పరిగెత్తడంలో నేహా అంత ఘనురాలు.

అందుకే ఆ పొద్దున్న మొగుడు బూట్లు వేసుకుంటుండగా అడిగింది.

"ఏవండీ, వచ్చింది దొంగని కారుకి ఎలా తెలుస్తుంది?"

"సెన్సర్ ఉంటుంది."

"అంటే?"

"అంటే సెన్సరే. సెన్స్ చేస్తుంది."

"అదే, ఎలాగని."

"వాసూ, మెట్రో పోతుంది," అని ఆయన వెళ్ళిపోయాడు.

వాసవికి ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో నాన్న మంచం పట్టడంతో కాలేజీ ఆగిపోయింది. అప్పటినుంచీ ఒక అలవాటు మిగిలింది. ఎవరైనా ఒక మాట చెప్పి జవాబు చెప్పేశామనుకుంటే ఆమెకి తృప్తి ఉండదు. చలి సెలవులని ఇంట్లోనే ఉన్న నేహాకి పాలిచ్చి, ఫోన్‌లో తెలుగు వీడియో ఒకటి వెతికి పెట్టుకుంది. ఎవరో మెకానిక్ విజయవాడ షెడ్డులో నిలబడి ఓపిగ్గా చెబుతున్నాడు.

తలుపు సందులో చిన్న బొత్తాం ఉంటుందట. మూసి ఉన్నంతసేపూ నొక్కుకుని ఉంటుంది, తెరిస్తే లేస్తుంది. వాసవి వెంటనే ఫ్రిజ్ తలుపు తీసి చూసింది. అదే బొత్తాం. ఇక్కడ లైటు వెలుగుతుంది, అక్కడ సైరన్ మోగుతుంది, అంతే తేడా. తాళం చెవిలో ఆవగింజంత చిప్పు ఉంటుందట. ఇంజను తిప్పబోతే కారు దాన్ని గుర్తు అడుగుతుంది, సరైన జవాబు రాకపోతే ఎంత తిప్పినా కదలదు. ఇక అన్నిటికన్నా చిత్రమైనది కారు లోపల, పైకప్పు లైటు పక్కన ఉంటుంది. రెండు చిన్న చిల్లులు. ఒకటి మన చెవికి అందని చప్పుడు చేస్తూ ఉంటుంది. రెండోది ఆ చప్పుడు సీట్లకీ అద్దాలకీ తగిలి తిరిగొస్తే వింటూ ఉంటుంది. లోపల ఏదీ కదలనంతసేపూ అది ఒకేలా తిరిగొస్తుంది. ఏ కొంచెం కదిలినా తేడా వస్తుంది. తేడా వస్తే కేక.

అచ్ఛా, గబ్బిలంలాగా, అనుకుంది వాసవి. అంటే దొంగంటే ఎవరో కారుకి తెలియనే తెలియదు. లోపల కదిలేదేదైనా దాని దృష్టిలో దొంగే.

ఆ ఆలోచన రాగానే ఆమెకి దొంగ దొరికిపోయాడు. ముందు అద్దానికి అత్తగారు వేలాడదీసిన దిష్టి బొమ్మ. అద్దాలన్నీ మూసి ఉంటే అదెందుకు ఊగుతుందన్న అనుమానం వచ్చింది గానీ, కారు మొత్తానికి కదలడానికి వీలున్నది అదొక్కటే. పిండి గిన్నెకి కాళ్ళు లేవు.

ఎండ రాగానే కిందికి దిగి, దిష్టి బొమ్మని విప్పి డాష్‌బోర్డు అరలో పెట్టింది. పిండి గిన్నెని వెనక సీట్లో ఎండ పడే వైపు కూర్చోబెట్టి, నేహా గులాబీ రంగు దుప్పటి చుట్టింది. మూత మీది నుంచి దుప్పటి జారిపోతుంటే పిల్లదే పాత మంకీ క్యాప్ తెచ్చి దాని నెత్తిన తొడిగింది. పక్కకి ఒరగకుండా సీటు బెల్టు కూడా పెట్టింది. నాలుగు తలుపులూ రెండేసిసార్లు లాగి చూసి, బొత్తాం నొక్కి లాక్ చేసింది. పైకి వస్తూ కేశవరావుగారి తలుపు ముందు ధీమాగా నడిచింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక కుక్కర్ కడుగుతుంటే కారు మళ్ళీ అరుపు మొదలుపెట్టింది.

వాసవి చేతులు కూడా తుడుచుకోకుండా టీవీ స్టాండు దగ్గరికి పరిగెత్తింది. తాళం చెవి అక్కడ లేదు. సోఫా దిండ్ల కింద లేదు. ఫ్రిజ్ మీద లేదు. నేహాకి ఆ తాళం చెవంటే ప్రాణమని గుర్తొచ్చి పిలిచింది. జవాబు లేదు. గదిలో లేదు. బాత్‌రూమ్‌లో లేదు. వీధి తలుపు చూస్తే గడియ తీసి ఉంది.

కింద సెక్యూరిటీ గార్డు కారు వెనక అద్దానికి రెండు చేతులూ ఆనించి లోపలికి చూస్తున్నాడు. దుప్పటి కనిపించింది. బెల్టు కనిపించింది. మంకీ క్యాప్ కనిపించింది. అతను తల పైకెత్తి, సైరన్‌ని మించిన గొంతుతో సొసైటీ మొత్తానికి ఆ వార్త చెప్పాడు.

"గాడీ మే బచ్చా బంద్ హై!"

కారులో పిల్ల ఇరుక్కుంది. బాల్కనీలోంచి ఆ మాట విన్న వాసవికి ఆ క్షణాన పిండీ గుర్తులేదు, గిన్నే గుర్తులేదు. తాళం చెవి లేదు, పిల్ల లేదు, తలుపు తీసి ఉంది. చెప్పుల్లేకుండా నాలుగంతస్తుల మెట్లూ దిగుతూ, నా తల్లి, నా బంగారం, తలుపు తియ్యండి అని అరుస్తూనే ఉంది. గార్డు చెప్పినదాన్ని కొందరు అంతవరకూ నమ్మలేదు. కన్నతల్లే ఏడుస్తూ వచ్చాక నమ్మకపోవడం ఎవరివల్లా కాలేదు.

ఆమె దిగేసరికి జనం మూగారు. ఒకావిడ పిల్ల ఊపిరి తీసుకోవడం లేదంటోంది. ఇంకొకావిడ తీసుకుంటోందని, తల మీద టోపీ కొంచెం లేచిందని, తను కళ్ళారా చూశానంటోంది. కేశవరావుగారు లుంగీ మీద కోటు వేసుకుని వచ్చి, అందరూ వరుసగా నిలబడండని మూడు భాషల్లో చెబుతున్నారు. నవదీప్ గేటు బయటున్న తన కారులోంచి టైరు విప్పే రాడ్డు పట్టుకొచ్చాడు.

"దీదీ, హటియే, పక్కకి. అద్దం పగలగొడతా," అన్నాడు, తనకి తెలిసిన తెలుగంతా కూడగట్టుకుని.

"పగలగొట్టు నాన్నా, త్వరగా," అంది వాసవి.

అతను రాడ్డు ఎత్తాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అప్పుడు కారు కుయ్‌మని ఒక్కసారి అని ఆగిపోయింది. నాలుగు తలుపుల తాళాలూ టక్కున తెరుచుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో పైనుంచి చిన్న గొంతు వినిపించింది.

"మమ్మీ, గాడీ క్యోఁ రో రహీ థీ?"

కారెందుకు ఏడ్చిందని అడుగుతూ, నాలుగో అంతస్తు బాల్కనీ కడ్డీల మధ్య నుంచి నేహా, చేతిలో తాళం చెవితో. మంచం కింద రజాయిలో దూరి నిద్రపోయిన పిల్ల, కారు ఏడుపుకి మెలకువ వచ్చి, అమ్మ చేసినట్టే బొత్తాం నొక్కింది. పెద్దలెవరూ లేరు కాబట్టి ఇప్పుడు బాల్కనీలో నిలబడి ఉంది. వాసవి కిందనుంచే చేతులు జోడించి, అక్కడే కూర్చోమని బతిమాలింది. కేశవరావుగారి భార్య లీలావతి గబగబా పైకి వెళ్ళి పిల్లని చంకనేసుకుని తీసుకొచ్చింది. వీధి తలుపు గడియ పొద్దున్న దిగి వచ్చినప్పుడు తనే వేయలేదన్న సంగతి వాసవికి అప్పుడు తట్టింది.

తల్లీ కూతుళ్ళు కలుసుకున్నారు. జనం కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత అందరికీ ఒకేసారి అదే సందేహం వచ్చింది. మరి కారులో ఉన్నది ఎవరి పిల్ల?

నవదీప్ తలుపు తీశాడు. గులాబీ దుప్పటిలో మంకీ క్యాప్ ఒక పక్కకి వాలి ఉంది. అందరూ చూస్తుండగా అది నెమ్మదిగా, ఎవరో నిద్రలో తల ఎత్తినట్టు, వేలెడు పైకి లేచింది. నవదీప్ రెండడుగులు వెనక్కి వేసి గార్డు కాలు తొక్కాడు.

వాసవికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించాలి. కానీ ఆ టోపీ లేవడం చూసేసరికి ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇదే. కదిలింది ఇదే అంకుల్."

నేహాని నడుం మీదికి ఎగదోసుకుని, కారులోకి వంగి, టోపీ తీసింది. పొంగిన పిండి మూతని పక్కకి నెట్టేసి, సీటు మీదికి కాళ్ళు చాపుకుంటోంది. వాసవి తనకొచ్చిన హిందీలో, రానిచోట చేతులతో, అందరికీ విప్పి చెప్పింది. పైన రెండు చిల్లులున్నాయి. ఒకటి మాట్లాడుతుంది, ఒకటి వింటుంది. పిండి పొంగుతున్నంతసేపూ మెల్లగా లేస్తుంది కాబట్టి అవి ఊరుకుంటాయి. చివరికి మూత జారిపడుతుంది. మూత జారితే కారుకి దొంగ కింద లెక్క. ఇదివరకు రెండుసార్లూ ఇదే జరిగింది. పాపం దిష్టి బొమ్మ ఏమీ చేయలేదు.

చెప్పేశాక గాని తను ఏం ఒప్పుకుందో ఆమెకి తెలియలేదు. జనంలో ఎవరో నవ్వారు. నవదీప్ రాడ్డు కింద పెట్టి, మర్యాదగానే గుర్తు చేశాడు. అంకుల్‌జీ, ఇది మూడోసారి. వాసవికి ఆ రోడ్డూ, ఎదురొచ్చే ఈ-రిక్షాలూ, తన చేతిలోంచి జారిపోయే చిన్న చెయ్యీ కళ్ళ ముందు కదిలాయి. నేహాని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

కేశవరావుగారు ముందుకొచ్చారు. కారులోకి తల పెట్టారు. చాలాసేపు బయటికి తీయలేదు. పులిసిన పిండి వాసన లోపలంతా నిండి ఉంది. ఆయన ఢిల్లీ వచ్చినప్పటినుంచీ శీతాకాలమంతా ఇడ్లీ బదులు ఉప్మాతోనే గడుపుతున్నారని లీలావతి వాసవి చెవిలో చెప్పింది.

"అమ్మాయ్," అన్నారాయన తల బయటికి తీసి, చాలా మెల్లగా. "ఇక్కడ ఎండ ఎందాకా ఉంటుంది?"

"చీకటి పడేదాకా అంకుల్. ఈ ఒక్క స్లాట్‌లోనే."

ఆయన కోటు సర్దుకున్నారు. ఫైలు మీద సంతకం పెట్టేముందు మొహం ఎలా ఉండేదో అలా పెట్టి, నవదీప్ వైపు తిరిగి హిందీలో తీర్పు చెప్పారు. రూలు తప్పుడు అలారం గురించి. తప్పుడు అలారమంటే లోపల ఏమీ జరగకుండా మోగినది. ఈ కారులో అనుమతి లేని కదలిక జరిగిందనడానికి ఇంతమంది సాక్షులున్నారు. అలారం మూడుసార్లూ తన డ్యూటీ తను చేసింది. కాబట్టి ఇంతవరకూ ఒక్క తప్పుడు అలారమూ నమోదు కాలేదు. నవదీప్ ఏదో అనబోయాడు. మర్నాడు పొద్దున్న ఇడ్లీలకి రమ్మని వాసవి పిలిచింది. ఠీక్ హై అన్నాడు.

రాత్రి ఉదయ్‌కిరణ్ అంతా విని, నవ్వీ నవ్వీ, చివరికి ఉపాయం చెప్పాడు. లోపలి సెన్సర్‌ని ఆపేసే బొత్తాం విడిగా ఉంటుంది, నొక్కితే సరి, ఎవరి నిద్రా పాడవదు.

"తెలుసు, వీడియోలో చెప్పాడు," అంది వాసవి గిన్నె తోముతూ. "అది ఆపేస్తే పిండి పొంగిందని ఎలా తెలుస్తుందండీ?"

ఆ తర్వాతి ఆదివారం ఉదయ్‌కిరణ్ స్నేహితుణ్ణి చూడ్డానికి జనక్‌పురి వెళ్దామని తాళం చెవి తీసుకుని కిందికి దిగాడు. వెనక సీట్లో లీలావతి ఆంటీ పిండి గిన్నె, వాసవి గిన్నె, మధ్యలో నవదీప్ వాళ్ళమ్మ తోడుపెట్టిన పెరుగు, ముగ్గురూ బెల్టులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

ఆయన మెట్రోలో వెళ్ళాడు.