పేరు పెట్టినవాడిదే ఊట

కష్టపడి భూమి సంపాదించేవాళ్లంత వెర్రిబాగులవాళ్లు లోకంలో మరొకరు లేరు. దున్నడం, కాలువ తవ్వడం, పూడిక తియ్యడం, ఇవన్నీ దేనికండీ? ఒక మంచి పేరు పెట్టండి. అందులో దేవుడో, దేవుడి తల్లో ఉండేలా చూసుకోండి. ఆస్తి మీదే!

నమ్మకం కుదరకపోతే మా ఊరినే చూడండి. మా తాతముత్తాతలు దీన్ని యానపుక్యో అనేవాళ్లు. అంటే నల్ల ఊట. కొండ కింద ఊట ఉంది, నీళ్లు నల్లగా కనిపిస్తాయి, అదే పేరు పెట్టారు. ఎంత మోటు మనుషులో! ఉన్నదాన్ని ఉన్నట్టు పిలిచారు. ఇలాంటివాళ్లకు ఆస్తి నిలుస్తుందా?

స్పెయిన్ నుంచి ఒక కెప్టెన్‌గారు వచ్చి ఆ లోటు తీర్చారు. గుర్రం దిగి గుప్పెడు గడ్డి పీకారు. నాలుగు దిక్కులకూ రాళ్లు విసిరారు. దోసెడు నీళ్లు తాగారు. క్యాలెండరు తీసి ఆ వేళ ఏ పునీతుడి పండగో చూసి, ఊరు శాన్ లూకాస్ అన్నారు. ఊట పరమ పవిత్ర త్రిత్వం అన్నారు. అంతే, రెండూ రాజుగారివైపోయాయి. రాజుగారి తరఫున కెప్టెన్‌గారివైపోయాయి. చదువుకున్నవాళ్లు దీన్ని 'స్వాధీనపరచుకొనుట' అంటారు. మా అమ్మమ్మ దొంగతనం అనేది. ఆవిడకు చదువు లేదు.

చిన్న పొరపాటొకటి దొర్లింది లెండి. అప్పటికే రోములో పోపుగారు క్యాలెండరులోంచి పది రోజులు కోసి పారేశారు. ఆ కబురు ఇంకా మా కొండెక్కలేదు. కెప్టెన్‌గారు లూకాస్ పండగ అనుకున్న రోజు నిజానికి హూదాస్ తదేయోది. ఆశ వదులుకున్నవాళ్లకు అండగా ఉండే పునీతుడు ఆయన. మాకు సరిగ్గా సరిపోయేవాడు, పది రోజుల్లో తప్పిపోయాడు. దక్కినవాడు లూకాస్, వైద్యుల పునీతుడు. అందుకే కాబోలు ఈనాటికీ మా ఊళ్లో ఒక్క డాక్టరూ అడుగు పెట్టలేదు. ఆయనుండగా మళ్లీ డాక్టరెందుకు!

ఆ కెప్టెన్‌గారి వంశాంకురమే లెయాంద్రో దొర. ఆయన ఎస్టేటు పేరూ త్రిత్వమే. ఈ అక్టోబరులో సరిగ్గా మొక్కజొన్న విత్తే వేళకు దొర మా పొలాలకు నీళ్లొదిలే ఊట తూముకు తాళం బిగించాడు. ఇప్పుడు తడి అందకపోతే విత్తనం మొలవదు. విత్తనం మొలవకపోతే వచ్చే ఏడు కుండలో ఉడికేదేమీ ఉండదు.

ఈ ఏడు నీళ్ల వంతులు చూసే పెద్దరికపు కర్రను ఊరు యులోహియా చేతికిచ్చింది. ఏటా కాలువ పూడిక తీసే ఆడవాళ్లకు ముందు నడిచేది ఆవిడే. దొర ఇంట్లో మాత్రం ఏనాడూ ఎవరూ పార పట్టిన పాపాన పోలేదు. యులోహియా కర్ర పట్టుకుని నీళ్ల ఆఫీసుకు వెళ్లింది. ఇంజనీరు ఎంతో ఓపిగ్గా విడమరిచి చెప్పాడు.

"ఊట పేరు త్రిత్వం. ఎస్టేటు పేరు త్రిత్వం. ఇంకా ఏం అనుమానమమ్మా నీకు?"

అనుమానమేమీ లేదంది యులోహియా. ఇంటికొచ్చి గొర్రె బొచ్చుతో గడ్డం కుట్టుకుంది.

గడ్డం దేనికంటారా? ఏటా లూకాస్ పండగనాడు ఎస్టేటు బంగళా ముందు ఈ స్వాధీనం కథను నాటకం ఆడతాం. మా ఊరు పోయిన వైనం మేమే ఆడి చూపిస్తాం. దొర చూసి ఆనందించి మాకు చిచా కల్లు పోయిస్తాడు. ఇంత సంస్కారం ఏ దేశంలో ఉందో చెప్పండి! కెప్టెన్ వేషం ఎప్పుడూ గుడి గంటలు కొట్టే ఎలెయుతేరియోది. ఈసారి అతడు తెల్లారకుండానే తప్పతాగి పడుకున్నాడు. ఎవరు పోశారని యులోహియాను ఎవరూ అడగలేదు.

బంగళా ముందు పచ్చిక పెళ్లికూతురిలా ఉంది. గొట్టాలు గిరగిరా తిరుగుతూ దానిమీద నీళ్లు చిమ్ముతున్నాయి. అరుగు మీద దొర, పక్కన ఇంజనీరు, ఇద్దరి ఒళ్లోనూ వేయించిన గినీపంది పళ్లేలు.

మామూలుగా అయితే కెప్టెన్ బుట్టలో తెచ్చిన ఎండుగడ్డి పీకినట్టు నటించాలి. యులోహియా బుట్టను కాలితో పక్కకు నెట్టి, వంగి, పచ్చికనే పట్టి లాగింది.

"వదినా, అక్కడ వేళ్లు గట్టిగా ఉన్నట్టున్నాయి. నేనూ ఓ చెయ్యి వెయ్యనా?" అంది వెనకనుంచి ఆవిడ ఆడపడుచు ప్రిమితీవా.

"ఒసే, నువ్వు పూర్వీకుల వేషం కదే. నోరు మూసుకుని చూస్తూ నిలబడాలి."

"నాలుగు వందల ఏళ్లు నిలబడ్డాం గదా, నడుం పట్టేసింది."

నడుం పట్టేసిన ఆడవాళ్లు అందరూ ఒకేసారి వంగారు. యులోహియా నాలుగు దిక్కులకూ రాళ్లు విసిరింది. ఒక దిక్కున కిటికీ అద్దం ఉంది, అది ఆవిడ తప్పు కాదు. తర్వాత గడ్డం సర్దుకుని ప్రకటించింది. "ఈ బంగళాకు, ఈ పచ్చికకు ఇవాళ్టినుంచి పేరు హూదాస్ తదేయో. ఇక ఇవి యానపుక్యో వాళ్లవి."

దొర నవ్వి చప్పట్లు కొట్టాడు. చప్పట్లు ఆగినా గడ్డి పీకడం ఆగలేదు.

"చాల్లే యులోహియా, గడ్డం తీసెయ్. పోయి చిచా తాగండి."

"తాగుతాం దొరా. ముందు మా ఇంట్లోంచి మీ సామాను తీసుకోండి."

"మతి పోయిందా నీకు? పేరు పెడితే నీదైపోతుందా?"

యులోహియా ఇంజనీరు వైపు తిరిగింది. "విన్నారుగా సారూ. ఆఫీసులో మీరు ఇంకోలా చెప్పారు."

"అది వేరమ్మా. ఇది నాటకం."

"ఏది సారూ? ఇదా, మొదటిసారి ఆడిందా?"

ఇంజనీరు గొంతులో ఎముక అడ్డం పడింది, పాపం. దొర లేచి నిలబడ్డాడు.

"మాది నాలుగు వందల ఏళ్ల హక్కు."

"మీకూ మొదటి రోజొకటి ఉండే ఉంటుంది కదా దొరా. మాకది ఇవాళ."

అని, కొంగున కట్టుకొచ్చిన మూట విప్పింది. అందులో ఉన్నవి విత్తనం మొక్కజొన్నలు. గడ్డి లేచిపోయిన చోటల్లా ఆడవాళ్లు బొటనవేలితో గుంట చేసి గింజ వేస్తూ, మట్టి కప్పుతూ వెళ్లారు. గొట్టాలు పాపం ఎవరి పక్షమూ తీసుకోకుండా అందరిమీదా నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "నీళ్లు కట్టెయ్యమంటారా దొరా?"

కట్టేస్తే మిగిలిన పచ్చికా, దొరసాని గులాబీలూ మాడిపోతాయి. కట్టకపోతే బంగళా ముందు మా మొక్కజొన్న మొలుస్తుంది. దొర కట్టమన్నాడు, అంతలోనే గులాబీల వంక చూసి వద్దన్నాడు.

మర్యాద తెలిసిన మనిషి కాబట్టి యులోహియాయే దారి చూపించింది. గడ్డం ఊడదీసి అరుగు మీద పెట్టింది.

"పేరు మీరే ఉంచుకోండి దొరా. త్రిత్వమనే పిలుచుకోండి. ఇంకో నలుగురు పునీతులను కలుపుకున్నా మాకు అభ్యంతరం లేదు. తూము తాళంచెవి ఇటివ్వండి."

దొర తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ల నాటకంలో ఆయన చప్పట్లు కొట్టని ముగింపు అదొక్కటే.